ఆచరణ సంకల్పం

వ్యక్తి తన లక్ష్యాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ విధంగా అమలు చేయాలో ముందుగానే నిర్ణయించుకొని, ఒక నిర్దిష్ట సందర్భాన్ని ఒక నిర్దిష్ట చర్యతో ముడిపెట్టుకోవడాన్ని మనోవిజ్ఞానశాస్త్రంలో ఆచరణ సంకల్పం అంటారు. జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ రూపొందించిన ఈ భావన, 1999లో వెలువడిన ఆయన వ్యాసంతో విస్తృత ప్రచారం పొందింది. మందులు క్రమం తప్పక వాడాలనుకోవడం లక్ష్య సంకల్పం, అంటే చేరవలసిన ఫలితాన్ని మాత్రమే చెప్పేది; రాత్రి భోజనం ముగించి కంచం తీసిన వెంటనే, వంటగది అలమరలో ఉన్న రక్తపోటు మాత్ర వేసుకోవాలని నిశ్చయించుకోవడం ఆచరణ సంకల్పం. ఇందులో కంచం తీయడమే సంకేతంగా పనిచేయడం వల్ల, ఆ క్షణంలో మళ్లీ ఆలోచించుకోవలసిన భారం తగ్గి, చర్య దాదాపు అప్రయత్నంగా మొదలవుతుంది. బద్ధకమని నిందకు గురయ్యే జాప్యం అనేక సందర్భాలలో కేవలం మరపు, లేదా అనువైన సమయాన్ని జారవిడుచుకోవడం కనుక, సంకల్పబలాన్ని పెంచుకొమ్మనే ఉపదేశం కంటె ఈ పద్ధతి మనిషికి నిజమైన సాయం చేస్తుంది. గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 స్వతంత్ర పరీక్షల ఫలితాలను క్రోడీకరించి, లక్ష్యసాధనపై దీని ప్రభావం మధ్యస్థం నుంచి అధికస్థాయి వరకు ఉందని తేల్చారు. అయితే లక్ష్యంపై నిబద్ధత బలహీనంగా ఉన్నచోట ఈ ప్రభావం కూడా సన్నగిల్లుతుంది.