సాపేక్ష వేగం

ఒక వస్తువు వేగాన్ని మరొక వస్తువును ఆధారంగా తీసుకుని కొలిచినప్పుడు వచ్చే విలువను సాపేక్ష వేగం అంటారు. భౌతికశాస్త్రంలో వేగం సదిశ రాశి, అంటే దానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంటుంది. అందువల్ల ఒక వస్తువు దృష్ట్యా మరొక వస్తువు వేగాన్ని కనుక్కోవాలంటే రెండో దాని వేగం నుండి మొదటి దాని వేగాన్ని దిశలను లెక్కలోకి తీసుకుని తీసివేయాలి. ఒకే సరళరేఖ మీద ఎదురెదురుగా వచ్చే వస్తువులకు ఈ తీసివేత వడుల మొత్తంగా, ఒకే దిశలో పోయే వస్తువులకు వడుల తేడాగా తేలుతుంది. 120 మీటర్ల పొడవున్న రెండు మెట్రో రైళ్లు సెకనుకు చెరొక 15 మీటర్ల వడితో ఎదురెదురుగా సాగుతుంటే ఒకదాన్నొకటి దాటుకోవడానికి 8 సెకన్లు చాలు. అదే, ముందు రైలు సెకనుకు 10 మీటర్ల వడితోనూ వెనుక రైలు 15 మీటర్ల వడితోనూ ఒకే దిశలో పోతుంటే, వెనుకది ముందుదాన్ని పూర్తిగా దాటడానికి 48 సెకన్లు పడుతుంది. కొలిచేవాడు నిలబడిన చోటును, అతడు దూరాలకూ కాలానికీ వాడే కొలమానాలను కలిపి నిర్దేశ చట్రం అంటారు. నిర్దేశ చట్రం ఏదో చెప్పకుండా వేగం ఇంత అని చెప్పడానికి అర్థం లేదు. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈ విషయాన్ని వర్షంలో గొడుగు ఎంత వంచాలి, ప్రవాహంలో పడవను ఎటు తిప్పాలి అన్న లెక్కల ద్వారా నేర్చుకుంటారు.

భారతీయ గణితంలో ఈ భావనకు చాలా స్పష్టమైన తొలి రూపం ఆర్యభటునిది. సా.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదం 31వ శ్లోకంలో ఆయన, ఎదురెదురుగా కదిలే రెండు గ్రహాల మధ్య దూరాన్ని వాటి గతుల మొత్తంతోనూ, ఒకే దిశలో కదిలే వాటి మధ్య దూరాన్ని గతుల తేడాతోనూ భాగిస్తే అవి కలుసుకునే కాలం వస్తుందని సూత్రీకరించాడు. నేటి రైళ్ల లెక్కకు వాడే సూత్రం సరిగ్గా ఇదే. అదే గ్రంథంలోని గోళపాదం 9వ శ్లోకం ఇంకొక అడుగు ముందుకు వేసి, ముందుకు పోతున్న పడవలోని మనిషికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కు పోతున్నట్లు కనిపించే తీరులోనే, కదలని నక్షత్రాలు లంక వద్ద నేరుగా పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయని చెబుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందన్న ఈ సాహసోపేతమైన భావనను తర్వాతి పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. భూమే తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు తిరిగి గూళ్లకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు ప్రశ్నించగా, 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుడు కూడా భూభ్రమణాన్ని ఖండించాడు. పక్షులు, గాలి, చెట్లు అన్నీ భూమి వేగంలో ముందే భాగస్వాములన్న సంగతి ఆ వాదాల్లో చోటు చేసుకోలేదు.

రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో కన్నడ దేశంలో వెలసిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలో వేర్వేరు వేగాలతో నడిచే బాటసారులు ఎప్పుడు కలుస్తారన్న లెక్కలున్నాయి. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఈ సూత్రాలు గ్రహణాల, గ్రహయుతుల గణనలో భాగంగా సాగాయి.

వరాహమిహిరుని ప్రశ్నకు నిండైన సమాధానం 1632లో ఇటలీ నుండి వచ్చింది. గెలీలియో తన సంవాద గ్రంథంలో, నిలకడగా సాగే ఓడ లోపలి గదిలో సీతాకోకచిలుకల ఎగురుడును గానీ, చుక్కలు చుక్కలుగా కారే నీటిని గానీ చూసి ఓడ కదులుతోందో లేదో చెప్పడం సాధ్యం కాదని నిరూపించాడు. ఒక చట్రంలో కొలిచిన వేగానికి ఆ చట్రపు వేగాన్ని కలిపితే రెండో చట్రంలోని వేగం వస్తుందన్న గెలీలియన్ నియమం ఈ ఆలోచన నుండే రూపుదిద్దుకుంది. కాంతి వేగానికి చేరువయ్యే కొద్దీ ఈ కూడిక పొసగదని 1905లో ఐన్‌స్టీన్ చూపించాడు: ఆయన సూత్రం ప్రకారం కాంతి వేగంలో సగం వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు కణాల సాపేక్ష వేగం కాంతి వేగంలో అయిదింట నాలుగు వంతులే తప్ప పూర్తి కాంతి వేగం కాదు. భూమి మీది వాహనాలకూ కృత్రిమ ఉపగ్రహాలకూ ఈ సవరణ అత్యల్పం కనుక మామూలు తీసివేతే సరిపోతుంది.

దూరపు వస్తువు మనవైపు వచ్చే వేగాన్ని, లేదా మన నుండి దూరమయ్యే వేగాన్ని దాని కాంతి వర్ణపటంలోని రేఖల జరుగుడును బట్టి లెక్కించే పద్ధతికి 1842 నాటి డాప్లర్ సిద్ధాంతం పునాది. కొడైకెనాల్ వేధశాలలో జాన్ ఎవర్‌షెడ్ 1909లో ఈ పద్ధతితోనే సూర్యమచ్చల్లో వాయువు బయటికి ప్రవహిస్తోందని కనుగొన్నాడు. ఆ వేధశాలను నడిపే భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ప్రధాన కార్యాలయం నేడు బెంగళూరులోని కోరమంగలలో ఉంది.

బెంగళూరులో సాపేక్ష వేగం పాఠం నుండి పరికరంగా మారిన చోటు విండ్ టన్నెల్. గాలిని చీల్చుకుంటూ పోయే విమానం మీద పడే బలాలు విమానానికీ గాలికీ మధ్య ఉన్న సాపేక్ష వేగాన్నే ఆధారం చేసుకుంటాయి కనుక, నమూనాను కదలకుండా బిగించి దాని మీదికి అంతే వేగంతో గాలిని వదిలినా ఫలితం అదే. భారతీయ విజ్ఞాన సంస్థలో 1942లో మొదలైన ఏరోనాటికల్ విభాగం, అక్కడ సూపర్‌సోనిక్ టన్నెళ్లు నిర్మించిన సతీశ్ ధావన్ ఈ రంగానికి గట్టి పునాది వేశారు. జాతీయ ఏరోనాటికల్ ప్రయోగశాల 1967లో నెలకొల్పిన 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్‌లో ట్యాంకుల్లో ఒత్తిడితో నింపిన గాలిని కొద్ది సెకన్ల పాటు ఒక్కసారిగా వదిలి, ధ్వని వేగానికి తక్కువ నుండి దాదాపు నాలుగు రెట్ల దాకా అన్ని వేగాల్లోనూ విమానాల, రాకెట్ల నమూనాలను పరీక్షిస్తారు. మురుగేశపాళ్యలోని విండ్ టన్నెల్ రోడ్డు పేరు దాన్నుంచే వచ్చింది. విమానాశ్రయంలోనూ ఇదే లెక్క నడుస్తుంది: గాలి దృష్ట్యా గంటకు 270 కిలోమీటర్ల వేగం వస్తే గాని లేవని విమానానికి 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద 240 కిలోమీటర్లు చాలు. వానాకాలంలో పడమటి గాలి, శీతాకాలంలో తూర్పు గాలి ప్రధానంగా వీచే ఈ నగరంలో కెంపేగౌడ విమానాశ్రయపు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉండటం ఎదురుగాలిని ఇలా వాడుకోవడానికి అనువుగా ఉంది.

సాపేక్ష వేగాన్ని అదుపు చేయడంలో బెంగళూరు సాధించిన అపురూపమైన విజయం, కక్ష్యలో రెండు ఉపగ్రహాలను ఒకదానితో ఒకటి కలిపే (డాకింగ్) ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ 475 కిలోమీటర్ల ఎత్తులోని వృత్తాకార కక్ష్యలోకి చెరొక 220 కిలోల ఛేజర్, టార్గెట్ ఉపగ్రహాలను చేర్చింది. యూ.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం రూపొందించిన ఈ జంటను కూర్చి పరీక్షించిన పని బెంగళూరులోని అనంత్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థది. భూమి దృష్ట్యా రెండూ సెకనుకు దాదాపు 7.6 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కానీ ఒకదానితో ఒకటి కలిసే క్షణంలో వాటి సాపేక్ష వేగం సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లకు మించకూడదు. రాకెట్ వదిలేటప్పుడు ఇచ్చిన చిన్న వేగభేదం వల్ల ఒక రోజులో 10 నుండి 20 కిలోమీటర్ల ఎడం ఏర్పడాలన్నది ప్రణాళిక. ఆ భేదాన్ని ఇంధనంతో సున్నా చేసి, 5 కిలోమీటర్లు, 1.5 కిలోమీటర్లు, 500, 225, 15, 3 మీటర్ల వద్ద ఆగుతూ దగ్గరికి చేర్చాలి.

కక్ష్యలో దగ్గరికి చేరడం రోడ్డు మీద ఇంకొక వాహనాన్ని అందుకోవడం లాంటిది కాదు. వెనుకనున్న ఉపగ్రహం ముందుకు తోసుకుంటే దాని కక్ష్య పెద్దదై, చుట్టు తిరగడానికి ఎక్కువ సమయం పట్టి, చివరికి ఇంకా వెనుకబడుతుంది. 1965 జూన్‌లో జెమినీ-4 వ్యోమగాములు తమ రాకెట్ భాగాన్ని చేరలేకపోవడానికి కారణం ఇదే. చంద్రుని చలనం కోసం 1878లో హిల్ రాసిన సమీకరణాలను 1960లో క్లొహెసీ, విల్ట్‌షైర్ ఇలాంటి సాపేక్ష గమనానికి అన్వయించారు. స్పేడెక్స్‌లో రెండు ఉపగ్రహాలూ జీపీఎస్ సంకేతాలతో తమ తమ స్థానాలను కొలిచి, పరస్పరం సమాచారం పంచుకుని, ఆ కొలతల తేడాను లెక్కకట్టాయి. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉండే పొరపాట్లు ఆ తేడాలో రద్దయిపోతాయి కనుక విడివిడి కొలతల కన్నా వాటి మధ్య దూరం, వేగం ఎంతో ఖచ్చితంగా తెలుస్తాయి. మరింత దగ్గరయ్యాక ఆ బాధ్యతను లేజర్ సెన్సర్లు, కెమెరాలు తీసుకున్నాయి.

225 మీటర్లకు చేర్చే యత్నంలో ఉపగ్రహాలు అనుకున్నదాని కన్నా ఎక్కువగా జరిగిపోవడంతో 2025 జనవరి 9 నాటి డాకింగ్ వాయిదా పడింది. జనవరి 12న 15 మీటర్లకూ, అక్కణ్నుంచి 3 మీటర్లకూ తెచ్చి, సమాచారం సేకరించి మళ్లీ దూరంగా జరిపారు. జనవరి 16 ఉదయం బెంగళూరులోని ఇస్రో ట్రాకింగ్ కేంద్రం (ఇస్ట్రాక్) పర్యవేక్షణలో డాకింగ్ పూర్తయి, అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ సామర్థ్యం సాధించిన నాలుగో దేశంగా భారత్ నిలిచింది. మార్చి 13న ఉపగ్రహాలను విడదీశారు. ఏప్రిల్ 20న రెండోసారి కలిపినప్పుడు, 15 మీటర్ల దూరం నుండి మనిషి జోక్యం లేకుండా ఉపగ్రహాలే తమ వేగభేదాన్ని సరిచూసుకుంటూ కలిశాయి. తొలిసారి మాత్రం 3 మీటర్ల వద్ద నేల నుండి ఆదేశమిచ్చి ఆపవలసి వచ్చింది.