బడి నుండి ఇంటికి కబురు

ఉప్పల్, నాచారము అనగానే నేడు మనకు మెట్రో రైలు, క్రికెట్ మైదానము, ఫ్యాక్టరీలు జ్ఞప్తికి వచ్చును. కొన్ని తరముల క్రిందట ఇవి హైదరాబాదు నగరమునకు తూర్పున నుండిన పల్లెలు. అట్టి పల్లెలలో పిల్లవాని చదువు ఎట్లు సాగుచున్నదో తండ్రి ఎవరినడిగి తెలిసికొనెడివాడు? బడివారి మాట ఇంటికి ఏ భాషలో చేరెడిది? ప్రశ్న చిన్నదే గాని, దీని వెనుక మన ప్రాంత చరిత్ర చాల కలదు.

తెలుగునాట వీధిబడి నడచినంతకాలము ఈ ప్రశ్న పుట్టనే లేదు. పంతులుగారు అరుగుమీదనో చావడిలోనో పిల్లలను కూర్చుండబెట్టి ఇసుకలో ఓనమాలు దిద్దించెడివారు. ఎక్కములు వల్లెవేయుట దారినపోవు వారందరికి వినబడుచునే యుండెడిది. జీతము చాలవరకు ధాన్యరూపమున ఇండ్లనుండి వచ్చెడిది గనుక పంతులుగారికి ప్రతి గడపతోను పని యుండెడిది. పిల్లవాడు రెండు దినములు బడి ఎగగొట్టినచో పెద్దపిల్లలు నలుగురు వచ్చి కాళ్లు చేతులు పట్టుకొని మోసికొనిపోయెడివారు. ఇంతకంటె స్పష్టమైన నోటీసు ఏముండును! దసరా పండుగకు పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయి పద్యములు చదివించుట పెక్కుచోట్ల ఆచారము. దానిని కేవలము మామూళ్ల వసూలుగా చూచువారున్నారు. మాకట్లు తోచదు. పిల్లవానికి నోరు తిరిగినదో లేదో తల్లి తన వాకిటనే నిలిచి విని తెలిసికొనెడిది. ఆ బడులలో దెబ్బలును ఎక్కువే; ఆడపిల్లలకు, దళితుల పిల్లలకు అందు ప్రవేశము దాదాపు లేనట్లే. ఆ మాటయు చెప్పవలెను.

నిజాము రాజ్యములో సర్కారు బడులు పెరిగినకొలది ఈ వాకిటి సంబంధము సడలెను. 1880 ప్రాంతములలో ఫారసీకి బదులు ఉర్దూ రాజభాష అయ్యెను. పై తరగతుల చదువు ఉర్దూలోనే సాగెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును అంతే. 1939లో ప్రారంభమైన దాని ఆర్ట్సు కళాశాల భవనము ఉప్పల్, నాచారములకు పడమర కొలది మైళ్ల దూరముననే యున్నది. ఉర్దూ సుసంపన్నమైన భాష. తప్పు దానిది కాదు. తెలుగు తప్ప వేరొండెరుగని రైతునకు కుమారుని బడి వ్యవహారము అర్థముగాని మాటలలో నడచుటయే చిక్కు. పైగా 1924లో ఖాన్గీ పాఠశాలల నిబంధనలు వచ్చి, సర్కారు అనుమతి లేనిదే సొంత బడి నడుపరాదనెను. ఊరివారు తమంతట తాము పంతులును కుదుర్చుకొను దారియు ఇరుకైనది. సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభ మాతృభాషలో బోధన కోరినది. ఈ నిబంధనలు తొలగవలెనన్నది. దీనిని మనము భాషాభిమానముగా చదువుచున్నాము. బిడ్డ చదువును గూర్చి తండ్రి నోరువిప్పి అడుగగల స్థితి కూడ అందు ఇమిడియున్నది.

1948లో ఆ రాజ్యము భారతదేశమున చేరి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట సర్కారు బడులలో తెలుగు నిలదొక్కుకొనెను. ఇంతలో ఈ పల్లెల రూపు మారసాగినది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డున వెలసెను. అటుపిమ్మట పారిశ్రామికవాడలు వచ్చెను. జిల్లాలనుండి కూలివారు తరలివచ్చిరి. వారి బస్తీలలో ఇంగ్లీషు మీడియము బడులు సందుసందున పుట్టెను. ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి వచ్చును. తండ్రి సంతకమో వేలిముద్రయో వేయును. చదివి చెప్పవలసినవాడెవడు? మార్కులు తప్పిన ఆ పిల్లవాడే! ముద్దాయియే దుబాసీ అయిన ఆ విచారణలో న్యాయమెంత జరిగెనో శ్రోతలు ఊహింపగలరు.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడి నిర్వహణ సమితిలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులుండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు విధించినది. ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులకు మాత్రము ఈ నియమము వర్తింపదు. చట్టము కుర్చీ వేసినదే గాని, పనిదినమున పగటివేళ సభ పెట్టినచో షిఫ్టు కూలి వదలుకొని ఎవరు రాగలరు? నాచారపు ఫ్యాక్టరీలలో పనికి ఒడిశా, బీహారులనుండి వచ్చిన కుటుంబములకు తెలుగే పరభాష. నాటి రైతు చిక్కు నేడు వారి యింట కాపురమున్నది.

2020లో కరోనా వలన బడులు మూతపడినవి. సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. పాఠము వినుచున్నారో లేదో కనుగొను భారము సర్కారు బడుల ఉపాధ్యాయులపై పడెను. వారు టెలిఫోనులో తల్లిదండ్రులను పలుకరించిరి. టెలిఫోను లేని ఇండ్లకు నడచిపోయి వాకిట నిలిచి పిల్లవానిని పేరుపెట్టి పిలిచిరి.