బడికీ ఊరికీ ఒకే కప్పు

మన పల్లెల్లో మిషను రోజుల సంగతులు పెద్దలు చెప్పగా విన్నవాళ్లమే. పగలు పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్న గదిలోనే సాయంత్రం దీపం పెట్టుకుని ప్రార్థన చేసేవారు. కొన్నిచోట్ల రాత్రి బడి కూడా అక్కడే. రెండో గది కట్టే స్తోమతు లేక వంతులవారీగా వాడుకున్నారు. బడీ ఊరూ కలిసి ఉండాలని మొదటి గీత నుంచే ఆలోచించి కట్టిన భవనాలు మాత్రం వేరు. ఈ వారం వాటి చరిత్ర చూద్దాం.

ఇంగ్లాండులో కేంబ్రిడ్జి అంటే విశ్వవిద్యాలయమే గుర్తొస్తుంది. దాని చుట్టూ ఉన్న పల్లెలు 1920లలో చితికిపోయి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పంటల ధరలు పడిపోయాయి. చాలా ఊళ్లలో బడి అంటే ఒకటి రెండు గదులే. అయిదేళ్ల వాడూ పన్నెండేళ్ల వాడూ ఒకే టీచరు దగ్గర. చదువు, పని, వినోదం అన్నీ పట్నంలోనే ఉంటే పడుచువాళ్లు ఊళ్లో ఎందుకుంటారు? హైదరాబాదు బస్సెక్కే మన పిల్లలు మనల్ని అడుగుతున్నదీ ఇదే.

1922లో ఆ జిల్లాకు విద్యాధికారిగా హెన్రీ మోరిస్ వచ్చాడు. పాదిరి కావాలని లాంపీటర్ కాలేజీలో వేదాంతం చదివి, తర్వాత ఆ దారి మార్చుకున్న మనిషి. 1924లో ఒక నివేదిక రాశాడు. జిల్లాలో సుమారు పది చోట్ల 'విలేజ్ కాలేజీలు' కట్టాలన్నాడు. అవి డిగ్రీలిచ్చే కాలేజీలు కావు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు బడి, పెద్దలకు రాత్రి తరగతులు, గ్రంథాలయం, సభామందిరం, ఆటస్థలం అన్నీ ఒకేచోట ఉండాలని ఆయన ఆలోచన. పల్లె బళ్లు చాలావరకు చర్చి చేతుల్లో ఉండేవి. పిల్లల్ని వేరే బడికి పంపితే వాక్యం ఎవరు నేర్పాలి, ఏ పద్ధతిలో నేర్పాలి అన్న తగువుంది. ఆ 1924లోనే వేర్వేరు సంఘాలవాళ్లు ఒప్పుకున్న ఒకే మతబోధ ప్రణాళిక వెలువడింది. ఆ రాజీ కుదరకపోతే తర్వాతి పని ఇంకా ఆలస్యమయ్యేదని మాకనిపిస్తుంది.

మొదటి కాలేజీ 1930లో సాస్టన్‌లో తెరుచుకుంది. 1937లో మరో రెండు వచ్చాయి. అందరూ చూడవచ్చేది మాత్రం 1939లో తెరిచిన ఇంపింగ్టన్‌నే. జామ్ తయారుచేసే చివర్స్ కుటుంబం స్థలమిచ్చింది. నాజీల జర్మనీ విడిచి 1934లో ఇంగ్లాండు చేరిన వాల్టర్ గ్రోపియస్, మాక్స్‌వెల్ ఫ్రైతో కలిసి ప్లాను గీశాడు. భవనం పూర్తయ్యేనాటికి గ్రోపియస్ అమెరికాలో ఉన్నాడు.

ఆ ప్లాను కాస్త నిదానంగా చూడండి. మధ్యలో వెడల్పాటి నడవా. సభామందిరం, తరగతి గదులు, పెద్దల గదులు అన్నీ దానికే వచ్చి కలుస్తాయి. తరగతులు ఒకే అంతస్తులో, ఒకే వరుసలో ఉంటాయి కనుక రెండువైపులనుంచీ వెలుతురు వస్తుంది. పచ్చికవైపున్న గాజు తలుపులు తీస్తే పాఠం తోటలోకి వచ్చేస్తుంది. పెద్దలకు విడిగా ఒక భాగం, ముందు గోడ మెల్లగా వంపు తిరిగి ఉంటుంది. కూర్చుని మాట్లాడుకోను, ఆడుకోను, చదువుకోను అందులో గదులున్నాయి. పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్న పెద్దాయన రెండోరోజు రాడు కదా! సభామందిరం లాంటివి మాత్రం ఇద్దరివీ, పగలు పిల్లలకు, రాత్రి ఊరికి.

అంతకన్నా మాకు నచ్చింది ఇంకొకటుంది. పగటి బడికీ పెద్దల తరగతులకూ ఒక్కరే బాధ్యులు. ఆ పదవికి హెడ్మాస్టరు అని కాక వార్డెన్ అని పేరు పెట్టారు. మన ఊళ్లలో బడి తాళంచెవి ఒకరి దగ్గర, కమ్యూనిటీ హాలు తాళంచెవి మరొకరి దగ్గర. మొదటిది సాయంత్రం కాగానే మూతపడుతుంది, రెండోది పెళ్లి ఉంటే తప్ప తెరుచుకోదు. అవి రెండూ ఒకే వీధిలో ఉన్నా సరే!

ఇంపింగ్టన్‌కు ఒక శిల్పం కూడా పెట్టాలనుకున్నారు. హెన్రీ మూర్‌ను అడిగారు. బడికి వచ్చేది పిల్లలే కాదు, ఇంటిల్లిపాదీ కనుక ఆయన మనసు కుటుంబం మీదికి పోయింది. కాని డబ్బు కుదరలేదు. ఆ ఆలోచనలోంచి పుట్టిన తల్లి, తండ్రి, బిడ్డ కంచు విగ్రహం ఏళ్ల తర్వాత స్టీవనేజ్ పట్టణంలోని మరో బడికి చేరింది. ఇంపింగ్టన్‌లో విగ్రహం లేదు, బడి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.