నరికిన చెట్టు మళ్లీ లేస్తుందా?

2022 ఏప్రిల్ 26. ఇంకా తెల్లారలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లా, జనార్దన్‌పూర్ అడవి. చీకట్లో రంపాలు గీపెడుతున్నాయి. చుట్టూ పోలీసు కాపలా. ఒక్కో చెట్టూ పెళపెళమంటూ ఒరిగిపోతోంది. ఆ చప్పుడుకి ఊళ్లు లేచాయి. జనం పరిగెత్తుకొచ్చేసరికి సుమారు 300 చెట్లు నేల మీదున్నాయి. రంపాలు ఆగాయి. ఎన్నాళ్లు ఆగుతాయో ఎవరికీ తెలీదు.

ఆ నేల కింద పర్సా బొగ్గు బ్లాకు ఉంది. మొత్తం 1,252 హెక్టార్లు. అందులో 841 హెక్టార్లు అడవే. బ్లాకు రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థది. తవ్వే కాంట్రాక్టు అదానీ కంపెనీది. అక్కడి గోండు పల్లెలు మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నాయి. అంతకు ముందు ఏడాది అక్టోబర్ 4న మదన్‌పూర్ నుంచి 350 మంది దాకా బయల్దేరారు. 300 కిలోమీటర్లు, పది రోజుల నడక. రాయ్‌పూర్ చేరారు. గవర్నర్ అనసూయ ఉయికేని కలిసి గోడు చెప్పుకున్నారు. ఆవిడ విన్నారు. వారం తిరిగింది. అక్టోబర్ 21న ఢిల్లీ నుంచి కబురొచ్చింది. పర్సా గనికి తుది అటవీ అనుమతి ఇచ్చేశారు!

వాళ్ల భయం చెట్ల గురించే కాదు. వానాకాలంలో ఆ కొండలు తాగిన నీళ్లు వేళ్ల సందుల్లోంచి, మట్టి పొరల్లోంచి, ఇసుకరాతిలోంచి మెల్లగా దిగి, ఎండలు ముదిరేదాకా వాగుల్లో ఊరుతూ, లోయలోని వరి మళ్లు తడిపి, గేజ్, చోర్నయీ లాంటి ఉపనదుల మీదుగా హస్‌దేవ్ నదిలో కలిసి, బాంగో జలాశయాన్ని నింపి, కాలువలెక్కి ఎక్కడో దిగువనున్న జాంజ్‌గీర్-చాంపా పొలాల దాకా పోతాయి. నీరు పల్లమెరుగు. ఓపెన్‌కాస్ట్ గని కంటే పల్లం ఇంకేముంది? చుట్టుపక్కల ఊట మొత్తం ఆ గోతిలోకే దిగుతుంది. మోటార్లు పెట్టి తోడి పారబోస్తారు. గట్టున పోసిన మట్టిగుట్టలు వానకి కరిగి వాగులోకి, ఆ తర్వాత జలాశయంలోకి జారతాయి. ఆపాలంటే ఇక మిగిలింది ఒక్కటే గుమ్మం.

ఆ గుమ్మం బిల్హా దగ్గర్లోనే ఉంది. హౌరా-ముంబై లైను మీద బొగ్గు గూడ్సులు రాత్రీపగలూ దడదడలాడించే రైల్వే ఊరు బిల్హా. అక్కణ్నుంచి బిలాస్‌పూర్ వైపు వెళ్తుంటే బోద్రీ వస్తుంది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అక్కడే. చెట్లు కూలిన ఆ వారమే పర్సా భూసేకరణ చెల్లదంటూ వేసిన పిటిషన్లు విచారణకొచ్చాయి. బయట ఏప్రిల్ ఎండ నిప్పులు చెరుగుతోంది. ధర్మాసనం ఒక ప్రశ్న వేసింది. రేపు భూసేకరణ చెల్లదని తేలితే, నరికిన చెట్లను మళ్లీ బతికించగలరా?

ఆ ప్రశ్నతో పల్లెలకి ప్రాణం లేచొచ్చింది. కానీ వాదన నడిచింది 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం మీద. బొగ్గున్న నేలని సర్కారు ఎలా తీసుకోవాలో చెప్పే చట్టం అది. ఆ నేలని తడిపే వాగు ఊసు అందులో లేదు. అమెరికా 1977లోనే ఇంకో దారి పట్టింది. అక్కడ పశ్చిమాన నీళ్లు కరువు. ఏటి లోయలో తడి మీద బతికే సాగుకి గని గండి కొట్టేలా ఉంటే, చిన్నచిన్న మినహాయింపులు తప్ప, పర్మిట్ ఇవ్వకూడదని చట్టంలోనే రాసేశారు. బోద్రీలో జడ్జీల ముందు అలాంటి సెక్షన్ లేదు. మే 11న తీర్పొచ్చింది. పిటిషన్లు కొట్టేశారు.

మే నెలాఖరు. ఈసారి పక్క గని వంతు. పర్సా ఈస్ట్-కేతే బాసన్ రెండో దశ. మళ్లీ పోలీసులు, మళ్లీ రంపాలు. ఆడవాళ్లు అడవిలోకి నడిచారు. ఒక్కొక్కరూ ఒక్కో చెట్టుని వాటేసుకుని నిలబడ్డారు. జూన్ 6న రాష్ట్ర మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ స్వయంగా హరిహర్‌పూర్‌లో పల్లెవాళ్లు చేస్తున్న ధర్నా దగ్గరికొచ్చారు. వాళ్ల పక్షాన నిలబడతానన్నారు. మూడు రోజుల్లో పనులు ఆగాయి. అధికార పార్టీలోనే చీలిక! బంతి అసెంబ్లీలో పడింది.

జూలై 26. రాయ్‌పూర్‌లో వర్షాకాల సమావేశాలు. లోర్మీ ఎమ్మెల్యే ధరమ్‌జీత్ సింగ్ అనధికార తీర్మానం పెట్టారు. హస్‌దేవ్ అడవుల్లో ఇచ్చిన బొగ్గు బ్లాకులన్నీ రద్దు చెయ్యాలని. ప్రభుత్వం కాంగ్రెస్‌ది. ప్రతిపక్షం బీజేపీది, దాని నాయకుడు బిల్హా ఎమ్మెల్యే ధరమ్‌లాల్ కౌశిక్. ఏ పక్షం అడ్డం తిరుగుతుందో! ఓటింగ్ అయింది. ఒక్కరూ కాదనలేదు. తీర్మానం ఏకగ్రీవం. హరిహర్‌పూర్ ధర్నా శిబిరం ఊపిరి పీల్చుకుంది. రెండు నెలలే.

రద్దు చేసే అధికారం ఢిల్లీది. ఢిల్లీ రద్దు చెయ్యలేదు. సెప్టెంబర్ చివర్లో రెండో దశ గనికి మళ్లీ చెట్లు పడ్డాయి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. కొత్త సర్కారు కొలువుదీరిన కొద్ది రోజులకే, డిసెంబర్ 21న, ఇంకో విడత. 2024 ఏప్రిల్‌లో ఈ పోరాటాన్ని నడిపించిన ఆలోక్ శుక్లాకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఆరు నెలలకి, అక్టోబర్ 17న, పర్సా అడవిలోకి రంపాలు తిరిగొచ్చాయి. జనానికీ పోలీసులకీ మధ్య ఘర్షణ. రెండు వైపులా గాయాలు.

పాదయాత్ర చేశారు. కోర్టుకెక్కారు. చెట్లు కావలించుకున్నారు. అసెంబ్లీతో ఔననిపించుకున్నారు. 1957 చట్టంలో వాగు కోసం ఒక్క వాక్యం చేర్పించడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.