గోదారి ఒడ్డున ఇనుప మేకులు

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన దిమ్మ రోలర్ల మధ్య నలిగి పలకగా సాగుతుంది. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు ఇక్కడి ఉక్కు కూడా వెళ్లింది. ఇనుము ఓడెక్కడం మాత్రం తెలుగు తీరానికి పాత ముచ్చటే.

ఆ ముచ్చటకు ముందు ఐరోపా ఓడల రాక చెప్పుకోవాలి. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరింది మిరియాల కోసం. దిక్సూచి, త్రికోణపు తెరచాపలు, ఫిరంగులు పోర్చుగీసులకు దన్నుగా నిలిచాయి. అయినా ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలింది రేవు నుంచి అరేబియా సముద్రం దాటించింది అక్కడ దొరికిన నావికుడూ, మన రుతుపవనమూ! ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

తర్వాత డచ్చివారు, 1611లో గ్లోబ్ ఓడమీద ఇంగ్లీషువారు మచిలీపట్నంలో దిగారు. కావలసింది బట్టలు. జాజికాయ, లవంగం పండే దీవులవాళ్లకు మన అద్దకం గుడ్డలంటే అంత మోజు.

మరి ఓడల సంగతో? వాటికి గోదారి ఒడ్డున నరసాపురం ఉంది. ఇంగ్లీషు వర్తకులు ఏటా అక్కడ ఓడలు కట్టించుకునేవారని 1670ల నాటి నావికుడు తామస్ బౌరీ రాశాడు. మంచి కలప, తీరంలోకెల్లా మేలైన ఇనుము అక్కడ దొరికేవట. కొలిమి దగ్గర కమ్మరి సుత్తి కింద మేకులు, బోల్టులే కాదు, లంగర్లూ తయారయ్యేవి.

పక్కనే మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారి వర్తక కోఠీ ఉండేది. ఆ ఊరి పేరే నోరు తిరగక మాదపొల్లంగా మారి, ఐరోపా బజార్లలో ఒక రకం నూలుగుడ్డకు పేరైపోయింది.