కాజీపేట దారిలో డీజిల్ ఇంజన్: డబ్ల్యూడీఎమ్-2 కథ

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే గురించి మీరు ఇదివరకే చదివారు. 1874లో వాడి–సికింద్రాబాద్ మార్గం తెరవడం, 1886లో అది వరంగల్ చేరడం, ఆపైన ఇల్లెందు బొగ్గు గనుల వైపు, బెజవాడ వైపు సాగడం గుర్తుండే ఉంటుంది. 1929లో బల్లార్షా మార్గం పూర్తయ్యాక కాజీపేట పెద్ద కూడలి అయింది. ఈ పాఠంలో పట్టాల సంగతి పక్కన పెట్టి, వాటి మీద నడిచిన ఒక ఇంజన్‌ను చూద్దాం. యంత్రం మారితే మనుషుల పనిగంటలు ఎలా మారతాయో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన ప్రాంతంలో దొరకదు.

దాని పేరు డబ్ల్యూడీఎమ్-2. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎమ్ అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకూ పనికివచ్చేది. అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపకల్పన ఇది. 1962 నుండి మన దేశానికి వచ్చింది. 1964 నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారైంది. 1969లో ఆల్కో మూతపడినా వారణాసిలో దాని ఇంజన్లు దశాబ్దాలపాటు తయారవుతూనే ఉన్నాయి. కన్నతల్లి పోయాక పెంచిన ఇంట్లోనే ఆ వంశం వృద్ధి అయిందనవచ్చు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉంది. డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పుతుందని అనుకుంటారు. లారీలో జరిగేది దాదాపు అదే, ఇక్కడ కాదు. పదహారు సిలిండర్ల, 2,600 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసులకు అమర్చిన ఆరు మోటార్లకు వెళ్తుంది. చక్రాలను తిప్పేది ఆ మోటార్లే. తన విద్యుత్ కేంద్రాన్ని తానే మోసుకుపోయే బండి ఇది. పైన తీగ అక్కర్లేదు, దారిలో బొగ్గూ నీళ్ళూ అక్కర్లేదు. క్యాబ్ ఒక్కటే అయినా రెండు దిక్కులకూ నడపవచ్చు కనుక చివరి స్టేషన్లో ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుల్‌తో తప్పనిసరి పని లేకపోయింది.

బొగ్గు గనులు పక్కనే ఉన్న ప్రాంతానికి డీజిల్ ఎందుకు వచ్చింది? ఇది న్యాయమైన ప్రశ్న. ఆవిరి ఇంజన్ తాను కాల్చిన బొగ్గులో చాలా కొద్ది భాగాన్నే లాగే శక్తిగా మార్చగలదు, మిగతా వేడి పొగగొట్టంలోంచి పోతుంది. పైగా ప్రతి పరుగు తర్వాత బూడిద తీయాలి, తరచుగా బాయిలర్ కడగాలి, ముందుగా నిప్పు రాజేసి గంటల తరబడి ఆవిరి పట్టాలి. డీజిల్‌కు ఈ బెడద లేదు. అందుకే 1972లో మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగింది. ఆ మరుసటి ఏడే ప్రపంచ చమురు సంక్షోభం వచ్చి ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. కాలం ఒక్కోసారి విధాన నిర్ణేతలతో ఇలా పరిహాసమాడుతుంది.

ఇప్పుడు మనుషుల సంగతి. ఆవిరి ఇంజన్ మీద డ్రైవర్‌తో పాటు సాధారణంగా ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారు. డీజిల్‌లో డ్రైవర్, ఒక అసిస్టెంట్ చాలు. నిప్పు సెగ, పార బరువు తప్పాయి, అది నిజమైన ఊరట. కానీ నీళ్ళకోసం, బొగ్గుకోసం ఆగినచోట దొరికే కాస్త విరామం కూడా పోయింది. బండి ఎంత దూరం ఆగకుండా పోగలదో, మనిషీ అంత సేపు ఆగకుండా పనిచేయాలన్నట్లయింది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది దేశవ్యాప్తంగా సమ్మె చేసి, డ్యూటీని 10 గంటలకు పరిమితం చేస్తామన్న హామీని సాధించారు. 1974 మే 8 నుండి 27 వరకు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో జరిగిన అఖిల భారత రైల్వే సమ్మెలో బోనస్, జీతాలతో పాటు ఎనిమిది గంటల పనిదినం కూడా ప్రధాన కోరిక. వేలాది మంది అరెస్టయ్యారు, ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. ఈ సమ్మెను కేవలం రాజకీయ ఘటనగా, ఎమర్జెన్సీకి ముందుమాటగా చదవడం మన పుస్తకాలకు అలవాటు. ఆ చదువు సరిపోదని నా అభిప్రాయం. ఇంజన్ మారడం ఆ కథలో సగం.

ప్రయాణికుల వైపు నుండి చూస్తే లెక్క వేరు. వరంగల్ నుండి సికింద్రాబాద్ సుమారు 140 కిలోమీటర్లు. సీజన్ టికెట్ ఇచ్చే గరిష్ఠ దూరం 150 కిలోమీటర్లు. అంటే హన్మకొండలో కాపురం, సికింద్రాబాద్‌లో కొలువు అనేది నిబంధనల ప్రకారం సాధ్యమే. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్‌లలో ఎక్కే ఉద్యోగులు, విద్యార్థులు, పాలవాళ్ళు బండి ఎన్ని గంటలకు చేరుతుందన్నదాని మీదే రోజును అల్లుకుంటారు. ప్రయాణికుడికి మిగిలిన ప్రతి పావుగంట వెనుకా క్యాబ్‌లోని వాళ్ళ పనిగంటల లెక్క ఉందని గమనించండి.

డబ్ల్యూడీఎమ్-2 కాజీపేట డీజిల్ షెడ్‌కు పరిచితమైన ఇంజన్. అయితే 1980ల ద్వితీయార్ధంలో విజయవాడ–కాజీపేట–బల్లార్షా మార్గానికి, 1990ల ఆరంభంలో సికింద్రాబాద్ మార్గానికి కరెంటు తీగలు వచ్చాయి. 1983లో ఉత్పత్తి మొదలైన రామగుండం థర్మల్ కేంద్రం సింగరేణి బొగ్గునే కాల్చి గ్రిడ్‌కు కరెంటు ఇస్తోంది. ఫైర్‌మన్ పారతో వేసిన బొగ్గు ఇలా తీగ గుండా రైల్వేకు తిరిగి వచ్చింది, ఈసారి ఫైర్‌మన్ లేకుండా.

ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ అసిస్టెంట్‌గా మారి, డ్రైవర్‌గా రిటైరైనవారు కాజీపేట రైల్వే వాడల్లో ఇంకా కొందరున్నారు. మీ అసైన్‌మెంట్ కోసం అటువంటివారిని ఒకరిని కలవండి. ఇంజన్ గురించి తర్వాత అడగవచ్చు. ముందు ఇది అడగండి: డీజిల్ మీదికి మారిన తొలి ఏడాది ఇంటికి ఎన్ని గంటలకు చేరేవారు?