సుసాన్ స్టెబ్బింగ్: తర్కాన్ని సామాన్యుల చేతికిచ్చిన ఆచార్యురాలు
1885లో లండన్‌లో జన్మించిన సుసాన్ స్టెబ్బింగ్ కేంబ్రిడ్జ్‌లోని గర్టన్ కళాశాలలో చరిత్ర చదువుతుండగా బ్రాడ్లీ తత్త్వగ్రంథం చేతికందడంతో తత్త్వశాస్త్రం వైపు మళ్లారు. అయితే స్త్రీలకు పూర్తి పట్టాలివ్వడానికి ఆ విశ్వవిద్యాలయం 1948 దాకా ఒప్పుకోలేదన్నది మరువరాని అన్యాయం. 1933లో లండన్‌ బెడ్‌ఫర్డ్ కళాశాలలో ఆమె ఆచార్య పదవిని అందుకుని, బ్రిటన్‌లో తత్త్వశాస్త్రానికి తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు.

భాషాప్రయోగాన్ని విడదీసి చూసి అర్థాన్ని తేటపరిచే విశ్లేషణ పద్ధతికి ఆమె 1937 నాటి గ్రంథం చక్కని ఉదాహరణ. కాళ్లకింది చెక్కపలకలో అధికభాగం శూన్యమే కనుక అది నిజానికి గట్టిది కాదని భౌతికశాస్త్రవేత్త ఎడింగ్టన్ రాయగా, ‘గట్టి’ అన్న మాటకు మనం అర్థం నేర్చుకున్నదే అటువంటి పలకలను చూసి కదా, వాటికే ఆ మాట వర్తించదంటే ఇక ఆ మాటకు అర్థమేముంటుందని ఆమె నిలదీశారు. ఆమె రచనల్లో ఇంతకన్నా పదునైన వాదం అరుదు.

యుద్ధం ముంచుకొచ్చిన 1939లో, చవక ధరకు దొరికే పెలికాన్ ప్రచురణగా వెలువడిన పుస్తకంలో, రాజకీయ ప్రసంగాలలోని, ప్రకటనలలోని హేత్వాభాసలను, అంటే సరైన తర్కంలా కనిపించే తప్పుడు తర్కాలను, సామాన్య పాఠకులకు విప్పిచూపారు. 1943లో, యుద్ధం ముగియకముందే, ఆమె కన్నుమూశారు.